నామాల చెంబు

మొన్న ప్రొద్దుటూరులో ఒక ఇంటి గడపలో నామాలు దిద్దిన ఇత్తడి చెంబు చూసి, నాకు తెలియకుండానే తల దించుకున్నాను.

నా చిన్నప్పుడు జమ్మలమడుగు దగ్గర మా ఊళ్ళో నాన్న పదిమందికి పని చెప్పే రైతు. గొంతులో క్యాన్సర్ అని తెలిశాక, శ్రావణ శనివారం అలాంటి చెంబు పట్టుకుని ఇల్లిల్లూ బియ్యం అడుక్కుంటానని మొక్కుకున్నాడు.

"మనకేం కర్మ?" అని అమ్మ ఏడ్చింది.

"ప్రాణం అడగాలంటే ముందు చెయ్యి చాపేది నేర్చుకోవల్ల" అన్నాడు నాన్న.

మొక్కంటే నాకేం తెలుసు? మేం బికారులమైపోయామనుకున్నాను. తడిపంచెతో ఆయన ముందు నడుస్తుంటే దూరంగా వెనకే నడిచాను. మా గొర్రెలు మేపే ఓబులమ్మ ఇంటిముందు ఆయన "గోవిందా" అన్నాడు. ఆమె కూతురు నా క్లాసే. చప్పున గడ్డివామి చాటుకు తప్పుకున్నాను.

ఓబులమ్మ దోసెడు బియ్యం చెంబులో పోసి, కళ్ళు తుడుచుకుంది. "దేవుడుండాడులేప్పా, నీకేం కాదు. పాప రాలేదా?"

నాన్న నావైపు ఒకసారి చూశాడు.

"లేదు మా, ఒక్కన్నే వచ్చినా" అన్నాడు బొంగురు గొంతుతో.

ఆ బియ్యం వండించి, దేవుడికి పెట్టి, తిని, నిబ్బరంగా ఆపరేషన్‌కు వెళ్ళాడు. ఏ గడప ముందూ సిగ్గుపడని మనిషి నా సిగ్గును మాత్రం దాచిపెట్టాడు. ఆ రోజు గడ్డివామి వెనక నేను హమ్మయ్య అనుకున్నాను.