పెండ్లి దాకా చదివి మూయాలి

ఐర్లాండ్ వాళ్ల కథలతో ఇదే తంటా. ఇంగ్లండ్ వాళ్లు ఎన్ని తిప్పలు పెట్టినా చివరికి పెండ్లి చేసి పంపిస్తారు. ఐర్లాండ్ వాళ్లు వానలో నిలబెట్టి వెళ్లిపోతారు. అది తెలిసీ, మా ఇంటామె కంటి ఆపరేషన్ ముందు రోజు ఐర్లాండ్ కథే ఎత్తుకున్నాను.

నా ఇంగ్లీషు బడిలో నేర్చింది కాదు. వరంగల్ చౌరస్తాలో మా కిరాణా కొట్టుకు పొట్లాల కోసం పాత పుస్తకాలు వచ్చేవి. ఒకసారి జీలకర్ర కట్టబోతూ చదివిన పేజీని గిరాకీకి ఇవ్వబుద్ధి కాలేదు. అప్పటి నుంచి డిక్షనరీ పక్కన పెట్టుకుని చదవడం, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమెకు తెలుగులో చెప్పడం. బియ్యంలో రాళ్లేరుతూ వినేది. ఆ దొరసానులంతా ఆమెకు చెల్లెండ్లు, వదినలు. వాళ్ల అత్తలను మాత్రం తిట్టేది.

మా ఇండ్లలో పురాణాన్ని ఏడుపు దగ్గర ఆపరు. మంచి ఘట్టం దాకా లాగి గానీ పుస్తకం మూయరు. ఆమెకు ఏ కథైనా పురాణమే.

ఆ ఐర్లాండ్ కథ సగంలో ఉండగానే తెల్లారి గుమ్మం ముందు ఆటో ఆగింది.

“చెల్లె ఓడెక్కి పాయె. అక్క ఇంక ఒడ్డుమీద వానల్నే ఉన్నదా?” అంది ఆమె.

“ఉన్నది.”

“గట్లయితే నేను రాను. ఏడుపు కాడ కథ ఆపి ఎవలన్న కన్ను కోపిచ్చుకుంటరా?”

“అమ్మా, ఆటో ఆయన గులుగుతాండు. ఫోన్ల అడిగితే రెండు నిమిషాల్ల కథంత చెప్తది, నడువు,” అన్నాడు మా కొడుకు.

నాకు ఒళ్లు మండింది. “పెండ్లికి పోయి శుభలేఖ నమిలి వస్తవారా?”

వాడు నా చెవిలో అన్నాడు: “ఓడ వెనక్కొచ్చిందని చెప్పు బాపు. ఏం పోతది?”

నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆ చెల్లెలి మీద అక్కకు ఎంత ప్రేమో ఆ వానలోనే ఉంది. ఓడను తిప్పితే అది పోతుంది.

రామాయణం ఎక్కడ ఆపినా పట్టాభిషేకం చదివి ముగిస్తారు కదా! అల్మారాలోంచి ఇంగ్లండ్ నవల తీశాను. పెండ్లి అధ్యాయం చదివి మూస్తానన్నాను. ఆమె ఎన్నిసార్లు విన్నదో. అప్పుడు ఆటో ఎక్కింది.

దవాఖాన బెంచీ మీద మొదలుపెట్టాను. పక్కన పరకాల నుంచి వచ్చిన అవ్వ చెవి ఒగ్గింది.

“పిల్ల ఎవలి బిడ్డె?”

“పిండిమర ఆయన బిడ్డె,” అంది మా ఆమె, నాకంటే ముందే. “పిలగాడు మంచోడే గానీ నోట్ల మాట రాదు. శాన సతాయించిండు. పెండ్లినాడు వానొచ్చి బండి దిగబడితే, పిల్ల చెప్పులు చేతబట్టి నడిచింది.”

“పెండ్లిల వాన మంచిదే. తాళి కట్టిండా మరి?”

“ఉంగరం తొడిగిండు,” అన్నాను.

“గదే గదే.”

నర్సు పిలిచింది. మా ఆమె ఫికర్ లేకుండా లేచి వెళ్లింది.

సాయంత్రం కంటికి కట్టుతో ఇంటికొచ్చింది. మంచం మీద ఒరిగీ ఒరగకముందే, “ఇగ చెప్పు. ఒడ్డుమీది పిల్ల ఏమైంది?” అంది.

“కంట్ల నీళ్లు రావద్దన్నడు డాక్టర్. వారం ఆగు.”

“అంటే ఏడుపే అన్నట్టు.” దుప్పటి మీదికి లాక్కుంది. “వారం దినాలు వానల్నే నిలబడాల్నా? రాసినాయన జర గొడుగన్న ఇయ్యకపాయె.”