దేవునికి త్రీ ఫేజ్

పెర్కిట్ వైపు మేము కొన్న పాత ఇంటి ముందు గదిలో మోకాలెత్తు సిమెంటు దిమ్మె ఉండేది. అంతకుముందు ఉన్నాయన దాని మీద గిర్ని బిగించి పసుపు కొమ్ములు పట్టేవాడు, పొడి అక్కడే అమ్మేవాడు. గిర్ని పోయినా దిమ్మెలోంచి పైకి లేచిన నాలుగు ఇనుప బోల్టులు మిగిలాయి. గోడలు ఎన్నిసార్లు తుడిచినా గుడ్డ పచ్చగానే వచ్చేది.

దిగిన రోజే మా ఆయన, "దేవుండ్లను గీ గద్దె మీదనే పెట్టు. మస్తుగుంటది" అన్నాడు.

పెళ్లయిన పన్నెండేళ్లలో ఆయన నోట దేవుని మాట రావడం అదే మొదలు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బోల్టులకు కూడా పసుపు రాసి బొట్లు పెట్టాను. ఇంత మంచి గద్దె కట్టించి ఇచ్చినందుకు ఆ ముఖం తెలియని గిర్ని ఆయనకు కూడా రోజూ దండం పెట్టుకున్నాను.

మొదటి కరెంటు బిల్లు నేనే చదివాను. నేను బడికి పోలేదు. మా అమ్మ బీడీలు చుడుతూ, చాటలో తంబాకు పొడి పరిచి నా వేలు పట్టి అక్షరాలు దిద్దించింది. ఇప్పటికీ ఏ కాగితమైనా వేలు పెట్టే చదువుతాను. ఆ వేలు ‘కేటగిరి రెండు’ దగ్గర ఆగింది. ఇళ్లకు ఒకటి, దుకాణాలకు రెండు. రెండోదానికి యూనిట్ ధర ఎక్కువ.

ఆయన బిల్లు లాక్కుని నలిపి గోడకు కొట్టాడు. "మనమేమన్న దుకాణం పెట్టినమా? ఆఫీసుకు పోయి ఒక్కొక్కని పండ్లు రాలగొడ్త."

నాకు బిల్లు కన్నా ఆ మాటంటే భయం. ఆయన హమాలీ. అంతకు రెండేళ్ల కింద మార్కెట్ యార్డులో బస్తాల దగ్గర గొడవపడి తోటి హమాలీ చెయ్యి విరగ్గొట్టాడు. కేసు రాజీ అయింది గానీ, ఇంకొకరి మీద చెయ్యి లేస్తే జైలుకేనని ఠాణాలో చెప్పి సంతకం తీసుకున్నారు. ఆయన చెయ్యి ఎవరి మీదా లేవకూడదని నేను రోజూ దీపం ముందు అడిగేదాన్ని. ఎవరి మీదా అంటే బయటివాళ్ల మీద. ఇంట్లో లేచినప్పుడు దేవునికి చెప్పుకోలేదు.

అందుకే ఆయనను ఆపి, దరఖాస్తు నేనే రాసుకుని నేనే ఆఫీసుకు పోయాను. వారానికి లైన్‌మన్ ఇల్లు చూడడానికి వచ్చాడు. గడప దాటకుండానే నవ్వాడు.

"గిదేందక్కా? గిర్ని దిమ్మె గద!"

"దేవుని గద్దె అన్నా."

"దేవుని గద్దెకు బోల్టులెందుకు? మీ దేవునికి త్రీ ఫేజ్ మోటర్ బిగిస్తరా ఏంది?"

పక్కింటి అరుగు మీద బీడీలు చుడుతున్న పెద్దమ్మ పకపకా నవ్వింది. "గర్రగర్ర తిరుగుతడు గావచ్చు బిడ్డా! అండ్ల పసుపు కొమ్ములేస్తే పొడి రాలుతది!"

"సీజనచ్చిందంటే దేవుడు లోపలికి, గిర్ని బయటికి. గిసొంటివి ఎన్ని జూడలే" అంటూ లైన్‌మన్ కాగితం మీద ఏదో రాసుకుని పోయాడు.

తర్వాతి బిల్లులోనూ రెండే. ఇంటి రేటు వేసేదాకా కట్టేది లేదని ఆయన మొండికేశాడు. ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ఒక పొద్దున లైన్‌మన్ కరెంటు కోయడానికి నిచ్చెన తెచ్చి మా ముందరి స్తంభానికి వేసి ఎక్కాడు.

వాకిట్లో పళ్లు తోముకుంటున్న మా ఆయన వేపపుల్ల ఉమ్మేసి ఒక్క ఊపున పోయి నిచ్చెనను తన్నాడు. లైన్‌మన్ అంత ఎత్తు నుంచి వీపు మీద పడ్డాడు. ఆ చప్పుడు నాకు ఇంకా చెవిలో ఉంది, నిండు బస్తా లారీ మీది నుంచి పడ్డట్టు. లేచే సందు ఇవ్వకుండా ఆయన వాని రొమ్ము మీద కూర్చుని మొహం మీద గుద్దాడు. ఒకటి, ఇంకొకటి. పెదవి చీలింది. కింద ఉన్నవాడు చేతికి దొరికిన కటింగ్ ప్లేయర్‌తో ఆయన చెవి మీద కొట్టాడు. చెవి కొస తెగి వేలాడింది. అయినా ఆయన ఆగలేదు.

"సంపుతవారా గాడ్ది కొడకా!" అని పెద్దమ్మ చాట విసిరేసి అరిచింది.

నేను మధ్యలో పడి ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన చూడకుండా కాదు, చూసే మోచేయి వెనక్కి విసిరాడు. నా దవడలో ఏదో పటుక్కుమంది. ఉమ్మితే పన్ను సగం అరచేతిలో పడింది.

అది చూసి ఆయన లేచాడు. లైన్‌మన్ పక్కకు ఒరిగి నెత్తురు ఉమ్ముతూ నా వైపు చూశాడు.

"నీ మొగన్ని అడుగక్కా, ఆఫీసుకు ఎందుకచ్చిండో! ఇల్లు కొనక ముందే అచ్చి, గిర్నికి ఎంత లోడ్ పడ్తదని నన్నే అడిగిండు. మోటర్ గూడ కొని వెల్డింగ్ షాపుల పెట్టిండు. ఇంటి రేటుకు గిర్ని నడుపుదామని జూసిండు. నేను పిచ్చోన్నా?"

ఆయన చెవి పట్టుకుని నేల చూశాడు. లైన్‌మన్‌ను ఎవరో బండి మీద దవాఖానకు తీసుకుపోయారు. నిచ్చెన అక్కడే పడి ఉంది.

నేను లోపలికి వచ్చి గద్దె ముందు నిలబడ్డాను. దేవుళ్లను అక్కడ ఎందుకు పెట్టమన్నాడో అప్పటికి తెలిసింది. తనిఖీకి వచ్చినవాళ్ల కళ్లకు అడ్డంగా పెట్టించాడు. నేను దీపం పక్కన నిలబడి, దేవుని పేరు మీద ఒకనికి అబద్ధం చెప్పాను. తెలియక చెప్పానన్న మాట నిజమే. కానీ ఆ బోల్టులు నాకు కనపడలేదా?

పటాలు ఒక్కొక్కటే తీసి వంటగదిలో బియ్యం డబ్బా మీద పెట్టాను. పెరట్లో గోడ పని కోసం తెచ్చిన సమ్మెట ఉంది. రెండు చేతులతో ఎత్తి దిమ్మె మీద వేశాను. మొదటి దెబ్బకు నా భుజమే కదిలింది, దిమ్మె కదలలేదు. ఐదో దెబ్బకో ఆరో దెబ్బకో మూల పగిలింది. సిమెంటు పెచ్చు ఎగిరి కనుబొమ్మ కోసుకుపోయింది. నోట్లో నెత్తురు, కంట్లో నెత్తురు. సమ్మెట ఎత్తిన ప్రతిసారీ దిమ్మె స్థానంలో నాకు ఏం కనిపించిందో ఇక్కడ రాయను.

ఆయన వెనకనుంచి వచ్చి నా జడ పట్టి గుంజాడు. "పిచ్చి లేసిందానే? రేపు గిర్ని దేని మీద బిగియ్యాలె?"

"ఇడువు. ఇడువకుంటే గీ దెబ్బ ఏడ పడ్తదో నాకే తెల్వది."

వదిలాడు. పోయి గడప మీద కూలబడ్డాడు. నాలుగు బోల్టులూ ఊడి బయటపడేదాకా నేను ఆపలేదు.

మధ్యాహ్నం లైన్‌మన్ నిచ్చెన కోసం వచ్చాడు. పెదవికి కుట్లు పడ్డాయి, నడుముకు పట్టీ వేశారు. గదిలోకి తొంగిచూశాడు.

"గిప్పుడైతే ఇల్లే. ఒకటి రాస్త" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇక్కడి నుంచి ఠాణాకు పోవాలె. ఆఫీసు సార్లు కేసు పెట్టుమంటున్నరు. ఏం రాయియ్యాలె, నువ్వే చెప్పు."

గడప మీద ఆయన తల ఎత్తాడు. పన్నెండేళ్లలో ఆయన నన్ను ఏదైనా బతిమాలినట్టు చూడడం అదే మొదటిసారి.

"జరిగింది జరిగినట్టే రాయియ్యన్నా" అన్నాను.

"లోపలేస్తరు, ఎరికేనా?"

"ఎరికే."

లైన్‌మన్ వాచిన నా దవడ కేసి, నుదుటి మీది నెత్తురు కేసి చూశాడు. నవ్వబోతే కుట్లు లాగినట్టున్నాయి, పెదవి పట్టుకున్నాడు.

"నిచ్చెన జారిందని రాయిస్త. నీ మొకం జూసి. వాని మొకం జూసి గాదు."

అది అబద్ధమని నాకు తెలుసు. వద్దనలేదు.

నడుము పట్టేసి లైన్‌మన్ నిచ్చెన ఎత్తలేకపోయాడు. మా ఆయన గడప దిగి రెండో కొస పట్టబోయాడు.

"నువ్వు ముట్టకు" అన్నాడు లైన్‌మన్.

రెండో కొస నేను పట్టుకున్నాను. రోడ్డు దాకా మోసి ఇచ్చాను.