సార్ తీసేసిన పాట

ఆ ఉదయం తీగ మీది నా తెల్ల చున్నీ నిండా బొగ్గు దుమ్ము పడి ఉంది. క్లిప్పు పెట్టిన చోట మాత్రం తెల్లగా మిగిలింది. మణుగూరులో ఇది కొత్త కాదు. అయినా ఎందుకో ఆ తెల్లటి చోటునే చూస్తూ నిలబడ్డాను. అప్పుడే ఫోను వచ్చింది. ఖమ్మం దవాఖానాలో మా సార్ పోయారు. చాలా కాలంగా డయాలసిస్ మీద ఉన్నారు, ఊహిస్తున్న వార్తే. చున్నీని నీళ్ళలో వేసి అవసరం లేనంతసేపు ఉతికాను.

మీలో చాలామందికి ఆయన వైస్ ఛాన్సలర్‌గా తెలిసి ఉంటారు. నాకు మాత్రం భాషాశాస్త్రం చెప్పిన సార్. పినపాక చుట్టుపక్కల అడవి పల్లెలు తిరిగి, కోయ మాటలూ పాటలూ రికార్డు చేసి, నిఘంటువు తేవాలని వయసులో ఉండగానే మొదలుపెట్టారు. ఆయనకొక పద్ధతి ఉండేది. ఎవరి గొంతు రికార్డు చేసినా, అచ్చుకి పంపే ముందు వాళ్ళ వాకిట్లోనే మళ్ళీ వినిపించాలి. “వాళ్ళు విని అవునంటేనే పుస్తకంలోకి వస్తుంది. లేదంటే ఎత్తుకొచ్చినట్టే” అనేవారు.

నేను ఎమ్మేలో చేరేసరికి ఆయన పదవి అయిపోయి, మళ్ళీ పాఠాలు చెబుతున్నారు. కాన్వెంటులో నోరు మూసుకుని కూర్చోవడం బాగా నేర్చుకున్నదాన్ని, సెమినార్‌లో ఒక్క ముక్క చెప్పలేకపోయాను. బయటికొచ్చాక సార్ అన్నారు: “నువ్వు నాతో రామ్మా. ఈ పనిలో మాట్లాడేవాళ్ళు ఎక్కువైపోయారు.” అలా స్పీకర్ డబ్బా మోసే పని నాకు దొరికింది.

వైస్ ఛాన్సలర్ కుర్చీ సంగతులు మేం ఊళ్ళు తిరిగే బస్సుల్లో చెప్పేవారు. ఆయన టేబుల్ మీద పాత టేప్ రికార్డర్ ఉండేదట. సిఫార్సులతో వచ్చినవాళ్ళు దాన్ని చూసి, తమ మాట రికార్డవుతుందేమోనని కుశలం మాత్రం అడిగి వెళ్ళిపోయేవారట. “దాంట్లో బ్యాటరీలు కూడా లేవమ్మా” అని నవ్వారు. మిగతాది నవ్వే సంగతి కాదు. అడవి భాషలకి ఒక విభాగం పెట్టించవచ్చన్న ఆశతోనే ఆ పదవి ఒప్పుకున్నారు. హాస్టల్లో నీళ్ళు, కోర్టు కేసులు, నిండని పోస్టులు. పరీక్షలయ్యాక ఊళ్ళకి వెళ్దాం, స్నాతకోత్సవం అయ్యాక వెళ్దాం అనుకుంటూనే పదవీకాలం గడిచిపోయింది. పినపాక దగ్గర ఆయనకి ఎక్కువ పాటలిచ్చిన అవ్వ ఒకామె ఉండేది. “సారు నా గొంతు పట్కపోయిండు, మళ్ళ తేలే” అని దారినపోయే వాళ్ళతో అనేదట. విభాగం తెరిచిన ఏడాదే ఆమె పోయింది.

“విభాగం వచ్చింది. అవ్వ పోయింది” అన్నారు సార్.

అవునని చెప్పడానికి అవ్వ లేదు కాబట్టి ఆమె కూతురి దగ్గరికి వెళ్ళాం. వాకిట్లో ఇప్పపూలు ఆరబోసి, పుల్లలు ఏరుతోంది. విత్తనాల పాట పెడితే తల ఊపింది. ఇంకో పాటలో నవ్వింది. “గీడ దగ్గింది సూడు మా అమ్మ! బీడీలు మానమంటే మాన్లే.” తర్వాతి పాట మొదలైంది. మొదటి చరణం సగంలోనే ఆమె పూలు తొక్కుకుంటూ లేచి వచ్చింది.

“ఆపు సారూ, ఆపు! మా ఇంట్ల ఎవరు సచ్చిండ్రని గా పాట పెట్టినవ్?”

నాకు స్విచ్ దొరకలేదు. సార్ వైరు లాగేశారు. ఎప్పుడో ఆ ఊళ్ళో ఒక చావు దగ్గర అవ్వ పాడగా రికార్డు చేసిన పాట అది. చావు లేని ఇంట్లో అది వినపడకూడదని ఆయనకి తెలుసు. వరసగా అన్నీ వినిపించాలన్న పద్ధతిలో పడి మరిచిపోయారు.

“తప్పైందమ్మా.”

“పీనుగు ముందట పాడేది వాకిట్ల పెడ్తరా? గింత సదువుకున్నవ్, గిది తెల్వదా?” కాసేపటికి ఆమే మెత్తబడింది. “మిగతయన్నీ ఏస్కో సారూ. అది మాత్రం వద్దు. పుస్తకమంటే ఎవరింట్లనన్న తెరుస్తరు గద.”

యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్ మండిపడ్డారు. “మొత్తంలో విలువైన పాటే అది సార్! ఆమె వద్దంటే తీసేస్తారా?”

“ఆమె వద్దన్నది. అంతే.”

పుస్తకంలోంచి తీసేశారు. నా ఎదుటే రికార్డింగూ చెరిపేశారు. జీవితంలో మొదటిసారి నేనుగా ఆయన్ని ఒక ప్రశ్న అడిగాను. “పాట పోతుంది కదా సార్?”

“పోతుంది” అన్నారు. ఆ వారమంతా తరగతికి రాలేదు.

సొంతూరు నేలకొండపల్లిలో, వాళ్ళ ఇంటి ముందు సార్‌ని పడుకోబెట్టారు. అవ్వ కూతురికి నేనే ఫోన్ చేశాను. బస్సులు మారి వచ్చింది. సార్ అన్నగారు ఎదురెళ్ళి అడిగారు.

“ఎవరమ్మా నువ్వు? మా తమ్ముడు నీకెలా తెలుసు?”

“పినపాక కాడ్నించొచ్చిన. మీ తమ్ముడు మా అమ్మ తాన మాట నేర్చిండు.”

సార్ కాళ్ళ దగ్గర నిలబడి, ఆ రోజు ఆపించిన పాటే అందుకుంది. వైరు లాగిన చోటు దాటాక ఇక నేనెప్పుడూ విననిదే. లోపల్నుంచి ఎవరో “ఇదేం పాట, ఆపమనండి” అన్నారు. అన్నగారు చెయ్యెత్తి “పాడనీయండి” అన్నారు.

నా చేతిలో ఫోను ఉంది. దాన్ని సంచిలో పెట్టేశాను.

పాట చాలాసేపు సాగింది. అయ్యాక ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, చెంబెడు నీళ్ళు తాగి, మణుగూరు బస్సు ఎన్నింటికని అడిగింది. ఇద్దరం ఒకే సీట్లో కూర్చుని వెనక్కి వచ్చాం. ఆమె కొడుకులిద్దరూ గనిలో కాంట్రాక్టు పని చేస్తారు. వాళ్ళకి కోయ రాదు.