ఉపవాసం రోజు పక్కన పెట్టిన మాత్ర

సహోదరులారా, ఒక మనిషి మన కళ్ళ ముందే కూర్చుని, మన చేతి అన్నమే తింటూ, రోజుకింత రోజుకింత మన నుంచి దూరమైపోవడం మీరెప్పుడైనా చూశారా? మా పెద్దమ్మ అలా పోతుంటే నేను ఏడాది పాటు చూశాను. దేవుడిచ్చిన ధైర్యంతో ఆ సంగతి ఇవాళ మీ ముందు చెప్పుకుంటున్నాను. అందులో నా తప్పు కూడా ఉంది, దాన్నీ దాచను, దేవునికే మహిమ కలుగును గాక!

నేను తాండూరులో బట్టలు కుట్టుకుని బతుకుతాను. నా చిన్నప్పుడే మా అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోతే, వికారాబాదులో ఉండే ఆమె అక్క, అంటే మా పెద్దమ్మే నన్ను పెంచి, పెళ్ళి చేసి పంపింది. ఆమెకు పిల్లలు లేరు, నేనే ఆమెకు బిడ్డను. బస్తా కందులు ఒక్క పూటలో చెరిగి పక్కన పెట్టే మనిషి! అలాంటి ఆమెకు మెల్లగా ఒళ్ళు బరువెక్కింది, ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, నడి ఎండాకాలంలో దుప్పటి కప్పుకుని చలి అనేది. పరీక్ష చేసి థైరాయిడ్ సరిగా పనిచేయడం లేదని చెప్పి, రోజూ పొద్దున్నే పరగడుపున వేసుకోమని డాక్టరమ్మ ఒక మాత్ర రాశారు. ఎముకల బలానికని కాల్షియం మాత్ర కూడా ఇచ్చారు. ఒక్క మాత్రతో అదుపులో ఉండే జబ్బే కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను.

కానీ మొదట్లో కొంచెం తేరుకున్న మనిషి మళ్ళీ మొదటికొచ్చింది. డాక్టరమ్మ మాత్ర మోతాదు పెంచారు, మళ్ళీ పెంచారు, మూడోసారి కూడా పెంచారు, అయినా పరీక్ష చేసిన ప్రతిసారీ ఫలితం ఇంకా చెడ్డగానే వచ్చేది.

ఆ రోజులు తలచుకుంటే మెలకువలో కన్న కలలాగా ఉంటాయి. సోమవారం సోమవారం తాండూరులో రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, కంది చేల మీద తెల్లగా మంచు, ఆ మంచులో ఎక్కడో ఒక మనిషి ఒక ఎద్దు, కళ్ళు సగం మూసి ప్రార్థన చేసుకుంటుంటే కదులుతున్నది రైలో చేలో తెలిసేది కాదు! పెద్దమ్మ ఇంట్లోకి అడుగుపెడితే అక్కడ కాలమే నిద్రపోతున్నట్టుండేది. ఆమె గడప దగ్గర కూర్చుని "బిడ్డా, జర ఆ..." అని ఆగిపోయేది, నేను గిన్నెలన్నీ తోమి వచ్చేసరికి మిగతా మాట వచ్చేది. ఒకరోజు నా వైపు చాలాసేపు చూసి, నవ్వి, మా అమ్మ పేరు పెట్టి నన్ను పిలిచింది. నేను పలికాను, పలికి వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. గుండె కూడా మందగించింది, ఇలాగే ఉంటే ప్రాణానికే ప్రమాదమని డాక్టరమ్మ అప్పటికే చెప్పి ఉన్నారు.

ఇక నేనేం చేశానో వినండి. నాకు నోరెక్కువ, పట్టుదల అంతకన్నా ఎక్కువ. మాత్రతో ఆమె కొంచెం తేరుకుంటున్న రోజుల్లోనే, పూర్తి స్వస్థత కోసం శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టాను. ఊరికే పెట్టలేదు, ఫోన్లో ఆమెకు గట్టిగా చెప్పాను: "పెద్దమ్మా, నువ్వు గూడ ఉపాసముండాలె, పొద్దు గూకేదాంక పచ్చి నీళ్ళు గూడ ముట్టొద్దు." సరే అంది. తగ్గలేదు. బుధవారం కూడా కలిపాను. ఇంకా ముదిరింది. శనివారం కలిపాను, మంగళవారం కలిపాను! జబ్బు మనిషితో ఇన్ని ఉపవాసాలేమిటని నాకు చెప్పే ధైర్యం ఎవరికుంది? రోజూ మాత్ర వేసుకుంటున్నారా అని డాక్టరమ్మ అడిగితే, "ఒక్క దినం గూడ తప్పలేదమ్మా" అని పెద్దమ్మ చెప్పింది, పక్కనుండి అవునవునని తల ఊపింది నేనే.

ఒక మధ్యాహ్నం మిషను మీద కూర్చున్నదాన్ని కుట్టలేక తల వంచేశాను. "ప్రభువా, నాకు అడగడం కూడా చేతకావడం లేదు. నేనెక్కడ తప్పిపోతున్నానో నువ్వే చూపించు" అన్నాను, అంతే. కళ్ళు తుడుచుకుని లేచేసరికి వెళ్ళి పెద్దమ్మ దగ్గర ఉండాలని మనసులో ఒకటే తొందర! ఆ సాయంత్రమే బయలుదేరి వెళ్ళాను.

మర్నాడు బుధవారం. పొద్దున నాకు సగమే మెలకువ వచ్చింది, కిటికీలోంచి పలచని వెలుగు, ఆ వెలుగులో పెద్దమ్మ మాత్ర తీసి అరచేతిలో పెట్టుకుని, దాన్ని చాలాసేపు చూసి, గూట్లో ఉన్న స్టీలు మూతలో కాల్షియం మాత్ర పక్కన పెట్టింది. కల అనుకున్నాను సహోదరులారా! తర్వాత గభాలున లేచి కూర్చున్నాను.

"పెద్దమ్మా, గోలి ఏసుకోకుండ ఆడ పెడ్తున్నవేంది?"

"ఇయ్యాల ఉపాసం గద బిడ్డా. పొద్దు గూకినంక జావ తాగుకుంట రెండు గోలీలు కలిపి ఏసుకుంట. నీళ్ళు గూడ ముట్టొద్దని నువ్వే అంటివి గద!"

ఆమె బాగుపడాలని నేను ఒక్కో ఉపవాసం కలిపినప్పుడల్లా ఒక్కో రోజు మందు చెడగొట్టాను! డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తి చెబితే, ఆ మాత్ర ఒంటికి పట్టాలంటే పరగడుపున ఉత్త నీళ్ళతోనే వేసుకోవాలి, కాల్షియం మాత్రకూ దానికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, రాగిజావతో కాల్షియంతో కలిపి మింగితే సగం వృథాయే అన్నారు. ఇన్నాళ్ళూ పెంచుకుంటూ పోయిన మోతాదును ముందు తగ్గించి, రెండు నెలలాగి పరీక్ష చేద్దామన్నారు. పెద్దమ్మ మాత్రం ఒక పట్టాన ఒప్పుకోలేదు, దేవునికి మాటిచ్చి తప్పుతానా అంది. చివరికి పాస్టరయ్య ఇంటికొచ్చి, "మందు ఏసుకుంటే ఉపాసం చెడది తల్లీ. నీ పానం గూడ ఆయన ఇచ్చిందే, దాన్ని కాపాడుకుంటే ఆయనకు కోపమొస్తదా?" అంటే అప్పుడు చెయ్యి చాపింది. ఆ మాత్ర, ఆ నీళ్ళు నేనే ఇచ్చాను.

ఒక్క రోజులో లేచి కూర్చుందని చెప్పను, అబద్ధం చెప్పకూడదు. పొగమంచు విడినట్టు మెల్లమెల్లగా వచ్చింది. ముందు దుప్పటి తీసేసింది, తర్వాత ముఖం వాపు దిగింది, రెండు నెలలకు పరీక్షలో మొదటిసారి మంచి మాట వినిపించింది. ఆ తర్వాత ఒక సోమవారం నేను కుట్టి తీసుకెళ్ళిన జాకెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "గిదేం కుట్టుడే, చేతులొకటి పొడుగు ఒకటి పొట్టి, తాండూరోళ్ళు గిట్లనే తొడుక్కుంటరా?" అని గడగడా తిట్టింది! ఆ తిట్లు వింటూ నేను స్తోత్రం చెప్పుకున్నాను.

ఆ రోజే ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, "నన్ను క్షమించు పెద్దమ్మా, నా చేతులతోనే నిన్ను పోగొట్టుకునేదాన్ని" అని ఏడ్చాను. ఆమె నా తల నిమిరి, "నా కోసం కడుపు మాడ్చుకుంటున్నవని తెల్సి, నీ మాట ఎట్ల దాటుత బిడ్డా?" అంది. నా మీద ప్రేమతోనే ఆమె అంత దూరం వెళ్ళిపోయింది. దేవుడు ఆమెను జబ్బు నుంచి, నన్ను నా మొండితనం నుంచి ఒకేసారి విడిపించాడు!

మీ ఇంట్లో మందు వేసుకుంటున్నా కోలుకోని పెద్దవాళ్ళుంటే, ప్రార్థన ఆపకండి, మందు ఆపకండి. ప్రార్థించి లేచాక వాళ్ళ పక్కన కూర్చుని, ఎప్పుడు వేసుకుంటున్నారో, దేనితో వేసుకుంటున్నారో అడగండి, వాళ్ళు చెప్పింది డాక్టరు ముందు దాచకుండా పెట్టండి. నా ప్రభువును నమ్మండి. అడిగినవాళ్ళకు ఆయన దారి చూపిస్తాడు. ఆ దారి ఒక్కోసారి మన తప్పు మీదుగానే పోతుంది, అయినా భయపడకండి, నడవండి.