పలమనేరు కూడలిలో దొరికిన నూనె

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా సొంత కారులో పోవాలనుకుంటున్నాం, దారి ఎలా ఉంటుందమ్మా అని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇప్పటి దారి గురించి నన్ను అడగడం దండగ. నాకు బాగా గుర్తున్నది ఎనభైల మొదట్లో ఒక వేసవిలో చేసిన ప్రయాణం. ముందు సీట్లో ఇద్దరు మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. వెనక సీట్లో కూర్చున్న నేను ఆ ఇద్దరినీ అనుమానిస్తున్నాను. నేను పుట్టుకతోనే అనుమానం మనిషిని. పాలమనిషి చెంబు వంచితే పాలకంటే ముందు నీళ్ళను వెతికే రకం. కాబట్టి నేను చెప్పేదాన్ని కూడా కాస్త అనుమానంగానే చదవండి, తప్పు లేదు.

ఆ ముందు సీటు ఇద్దరిలో ఒకరు మా ఆయన, ఇంకొకడు నా తమ్ముడు రెడ్డెప్ప. తమ్ముడిది తంబళ్లపల్లె దగ్గర మెట్ట సేద్యం. చెనక్కాయలు, అంటే వేరుశనగ, బాగా పండిన ఏడు ఎవరి దగ్గరో పాత కారు ఒకటి కొని, మదనపల్లెలో బాడుగకు తిప్పమని మా ఆయన చేతికిచ్చాడు. కొత్తలో అంతా బాగానే ఉంది. తరువాత ఇంజన్ ఆయిలు ఖర్చు మొదలైంది. పోసిన ఆయిలు పోసినట్టే మాయం. కింద ఒక్క చుక్క కారేది కాదు. మా ఆయన దాన్ని బావుల దగ్గర ఆయిలింజన్లు పెట్టుకున్న రైతులకు అమ్ముకుంటున్నాడని తమ్ముడి మనసులో పడింది.

"బండి తాగుతాండాదప్పా, నేనేం సేసేది?" అని మా ఆయన ఎన్నిసార్లు చెప్పాడో.

"బండికి నోరు యాడ ఉండాది బావా?" అనేవాడు తమ్ముడు.

నాకు తమ్ముడి మీదా నమ్మకం లేదు. వాడి భార్య తమ్ముడు అప్పుడే డ్రైవింగు నేర్చుకుని ఖాళీగా తిరుగుతున్నాడు. ఈ వంకతో బండి లాక్కుని అతనికి ఇవ్వాలని చూస్తున్నాడేమో అనుకున్నాను. ఇంతలో కుప్పంలో మా మేనమామ గంగులప్ప కొత్త ఇంట్లో చేరుతున్నాడని కబురు వచ్చింది. మామ మాట మా ఇంట్లో ఆఖరి మాట. మా ఆయన దొంగ అని తమ్ముడు ముందే మామ చెవిన వేసి ఉంచాడు. గృహప్రవేశానికి పోయి బట్టలు పెట్టి, ఆ బంధువుల మధ్యే సంగతి తేల్చేస్తానన్నాడు. అక్కడ మా ఆయన దొంగ అని తేలితే బండి పోవడం ఒక్కటే కాదు, మా ఆయన ఇక నా పుట్టింటి గడప తొక్కడు. ఆయన తొక్కని గడప నేనెలా తొక్కేది?

బయలుదేరేది తెల్లవారుజామునే. ఎండ ముదరకముందే పలమనేరు దాటెయ్యాలని ఆ రోజుల్లో అందరూ చేసే పనే. కానీ తమ్ముడు అంతకంటే ముందే లేచి బండి దగ్గర ఏదో చేస్తున్నాడు. మా మెట్ట ఊళ్ళలో కళ్ళంలో కాయలు రాశి పోశాక, రాత్రిపూట ఎవరూ తవ్వుకుపోకుండా రాశి మీద తడిమట్టి ముద్దలు పెట్టి చెక్క ముద్రతో అద్దుతారు. పొద్దున ముద్ర చెదిరి ఉంటే దొంగ పడ్డట్టే. తమ్ముడు ఆ ముద్ర చెక్క సంచిలో పెట్టుకుని వచ్చాడు! ఇంజన్లో ఆయిలు నిండుగా పోసి, పుల్లతో కొలిచి, బానెట్టు మూసి తాడు కట్టి, ముడి మీద మట్టి పెట్టి ముద్ర వేశాడు. బండి కిందకు దూరి, ఆయిలు దింపే బోల్టుకు కూడా వేశాడు.

"కుప్పంలో మామ ముందర ఇప్పుదాం. అంతవరకు ఎవురూ ముట్టుకోకూడదు" అన్నాడు.

మా ఆయన ఒక్క మాట అనలేదు. ఆ మౌనం చూసి నాకు ఇంకా అనుమానం వచ్చింది. తప్పు చేయని మనిషైతే కోపం రావాలి కదా!

మామకు పెట్టే కొత్త పంచెల జతను గుడ్డలో మూటకట్టి డిక్కీలో పెట్టాను. దాని పక్కనే తమ్ముడు మామ కోసం తెచ్చిన చెనక్కాయల మూటలు పెట్టాడు. డిక్కీ మూత పడలేదు. తాడుతో సగానికి కట్టి వదిలేశాం. లేచి నిలబడిన ఆ మూత వెనకద్దానికి అడ్డమైంది. మా వెనక ఏం జరుగుతోందో పుంగనూరు దాకా ముగ్గురిలో ఎవరికీ కనపడలేదు.

పుంగనూరు బస్టాండు దగ్గర ఇడ్లీలు తిన్నాం. ముగ్గురం తిన్నా ఖర్చు పెద్దగా కాలేదు, సాంబారు మాత్రం పల్చన. అడిగినన్ని సార్లు పోస్తుంటే నాకు అనుమానం వచ్చి, "ఇంత ధారాళంగా పోస్తాండావే, ఏం కలిపినావప్పా?" అన్నాను.

హోటలాయన నవ్వి, "నీళ్ళేనమ్మా. మీ బండి యాల అంత నీలంగా పొగ విడస్తాండాది? వచ్చేటప్పుడు సూస్తి, మా దోసె పెనం నయం" అన్నాడు.

తమ్ముడు చేయి కడుక్కుంటూ, "పాత బండికి పొగ రాదా?" అని కొట్టిపారేశాడు.

పుంగనూరు దాటాక దారి ఎక్కుతూ దిగుతూ పోతుంది. దిగుడు వచ్చిన ప్రతిచోటా తమ్ముడు, "ఇంజన్ ఆపు బావా, పెట్రోలు మిగుల్తాది" అనేవాడు. కింద మళ్ళీ స్టార్టు చేయగానే డిక్కీలోంచి మాడు కంపు లోపలికి కొట్టేది. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, చెనక్కాయలేమైనా చెడిపోయాయేమో అనుకున్నాను. ఒక ఎక్కుడు మీద ఇంజను లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు మొదలైంది. మా ఆయన ముందున్న ఎర్ర దీపం వెలిగింది.

"నూనె అయిపోయింది. ముద్ర తీసి పొయ్యల్ల" అన్నాడు మా ఆయన. పొద్దుటి నుంచి ఆయన నోరు విప్పింది అప్పుడే.

"తీస్తే నా లెక్క పోతాది. పోనీ."

"ఇంజన్ పట్టేస్తాది రెడ్డెప్పా."

"పట్టేస్తే నా బండే కదా పట్టేసేది!"

నాకు కడుపు మండిపోయింది. ఒకడికి దొంగను పట్టాలి, ఇంకొకడికి దొంగను కానని నెగ్గాలి. మధ్యలో ఆ ఇంజను గోడు వినేవాళ్ళే లేరు. ఇద్దరినీ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

నడిచే మనిషి మమ్మల్ని దాటిపోయేంత నెమ్మదిగా పలమనేరు కూడలి చేరాం. అక్కడ ఒక దారి చిత్తూరు వైపు పోతుంది, ఇంకోటి కుప్పం వైపు. బండి నిలిపి ముద్ర చూశారు. బానెట్టు మీద చెక్కుచెదరలేదు. కింద బోల్టు దగ్గరా అంతే. తాడు తెంచి పుల్ల తీస్తే కొసన తడి తప్ప ఆయిలు లేదు. హమ్మయ్య, తేలిపోయింది అనుకున్నాను. కానీ వాడు నాకు తోడబుట్టినవాడు. అనుమానంలో నన్ను మించినవాడు.

"ఇట్లాంటి ముద్రే ఇంకోటి సేయించినావా బావా? పొద్దున నేను నీళ్ళు పోసుకునేటప్పుడు నూనె దింపి మళ్ళా ముద్ర అద్దినావా?" అన్నాడు. తరువాత చిత్తూరు దారి చూపించి, "కాణిపాకం పోదాం. దేవుని ముందర ప్రమాణం సెయ్" అన్నాడు.

మా ఆయన మొహం నల్లబడింది. "పద" అని స్టీరింగు దగ్గర కూర్చున్నాడు.

మా వైపు కాణిపాకం దాకా పోయిన రెండిళ్ళ మధ్య ఇక రాకపోకలుండవు. ప్రమాణం నిజమైనా అంతే, అబద్ధమైనా అంతే. నేను వాళ్ళను ఆపగలిగే దారి ఏదీ కనిపించలేదు. ఏడుపు వస్తోంది. కానీ ప్రమాణమంటే కోనేట్లో మునిగి తడిబట్టలతో నిలబడాలి, బయటికి వచ్చాక కట్టుకోవడానికి ఆయనకు పొడి పంచె ఒకటి కావాలి. మామకు పెట్టాల్సినవే అయినా సరే, మొగుడి పరువు కంటే ఎక్కువా అని పోయి డిక్కీలో చేయిపెట్టి మూట లాగాను.

మూట జిడ్డుగా చేతికి అంటుకుంది. విప్పితే పైపంచె సగం నల్లబడి ఉంది. పొడి మసి కాదు. నొక్కితే వేలికి నూనె దిగుతోంది. సగం తెరిచిన డిక్కీలోకి పొగ గొట్టం నుంచి దారంతా ఊదుతూనే వచ్చింది.

ఆ పంచెను తీసుకుపోయి తమ్ముడి ముక్కుకు ఆనించాను. "ఇంతకాలం నూనె యాడికి పోయిందని అడిగితివి కదరా, సూడు. ఈడ ఉండాది. వాసన సూసి సెప్పు, నువ్వు పొద్దున పోసిందేనా?"

వాడు పోయి పొగ గొట్టంలో వేలు పెట్టాడు. వేలు తడి మసితో బయటికి వచ్చింది. "బావా, ఒక్కసారి స్టార్టు సెయ్" అన్నాడు. అడుగంటిన ఆయిలుతోనే ఒక్క క్షణం ఇంజను మోగింది. నీలం పొగ వాడి మొహాన కొట్టింది. దగ్గుతూనే, పొద్దున మిగిల్చిన ఆయిలు డబ్బా తెచ్చి, బానెట్టు ఎత్తి, తన చేత్తో ఆయిలు పోశాడు. మా ఆయన పక్కన నిలబడి చూశాడు గానీ సాయం పట్టలేదు. పట్టకపోవడమే మంచిదనిపించింది నాకు.

బండి కుప్పం వైపు తిరిగాక తమ్ముడు మెల్లగా అన్నాడు. "అక్కా, ఈడనే వేరే పంచెలు కొందాం. ఇవి మామకు సూపద్దు."

వాడి తెలివి నాకు తెలుసు. తెల్ల పంచెలు పెడితే మామ చెవిలో పడిన దొంగ మాట అట్లనే ఉండిపోతుంది. "ఇవే పెడతావు" అన్నాను. ఆ తరువాత దిగుడుల్లో ఇంజను ఆపమని తమ్ముడు చెప్పలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకు కుప్పం చేరాం.

మరునాడు పొద్దున గృహప్రవేశం. బంధువులందరి మధ్య తమ్ముడు తాంబూలంతో ఆ పంచెలు మామ చేతిలో పెట్టాడు. అత్త నోరు నొక్కుకుంది. మామ పంచె విప్పి, మరక చూసి, "ఇదేందిరా రెడ్డెప్పా?" అన్నాడు.

వాడు తలెత్తకుండా, అందరికీ వినపడేటట్టే చెప్పాడు. "మా బావ దొంగతనం సేసినాడని నేను సెప్పిన నూనె మామా."

మామ, అత్త వద్దు వద్దంటున్నా లోపలికి పోయి, ఆ మసి పంచెనే కట్టుకుని బయటికి వచ్చి పీటల మీద కూర్చున్నాడు. "మేనల్లుడు పెట్టిన గుడ్డ. మసి కూడా వాడు పెట్టిందే. రెండూ నావే" అన్నాడు. మా ఆయన అప్పుడు ఏడ్చాడు. ఆయన ఏడవడం అంతకుముందు నేను చూసింది లేదు.

తిరిగొచ్చాక మదనపల్లెలో ఇంజను విప్పించాం. పిస్టన్ల తలల మీద మందంగా బొగ్గు పేరుకుంది. రింగులు అరిగి, ఆ మసిలోనే ఇరుక్కుపోయి ఉన్నాయి. పోసిన ఆయిలంతా పైకెక్కి కాలిపోయిందన్నమాట. మాడిన పెనం గీకినట్టు తమ్ముడూ మా ఆయనా చెరో పిస్టను పట్టుకుని గీకారు. బండి మా ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆ ముద్ర చెక్కను మాత్రం నేను ఇంట్లో దాచుకున్నాను. ఇప్పటికీ నేను మారలేదు, పాలు పోస్తే నీళ్ళే వెతుకుతాను. కానీ ఇంటి మనిషిని అనుమానించాల్సి వచ్చినప్పుడు ఆ చెక్క తీసి చూస్తాను. ముద్ర చెదరకుండానే ఆ రోజు రెండిళ్ళు చెదిరిపోయేవి. మీకు చెప్పదలచుకున్న జాగ్రత్త ఒక్కటే: ఎంత సామాను ఉన్నా డిక్కీ మూత తెరిచి ప్రయాణం చేయకండి. పొగంతా లోపలికి వస్తుంది, అది ఒంటికి మంచిది కాదు. మేము కాస్త అదృష్టవంతులం గనుక ఆ రోజు అది పంచెకు మాత్రమే పట్టింది.