నల్లది కరిచిన చెయ్యి

మొన్న మధ్యాహ్నం మనవరాలు తన కుక్కపిల్లను తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "అవ్వా, పిడుదులు పట్టేసినాయే, బేగి తియ్యవే" అంది. పట్నంలో కొన్న ఇనప పట్కారు కూడా తెచ్చింది. దాన్ని పక్కన పెట్టి, చూరులో ఉన్న నా వెదురు పట్కారు తెమ్మన్నాను. పెద్ద పనితనమేమీ లేదు దానిలో. జానెడు వెదురు బద్దను వేడి చేసి మధ్యకు వంచి, రెండు కొసలూ సన్నగా చెక్కితే అయిపోతుంది. మా అత్త చేతిలో ఉన్నది ఎప్పుడో విరిగింది. ఇది దాన్ని చూసి చేసుకున్నదే. కుక్కపిల్ల చెవి మడత విప్పాను. అక్కడే కాసేపు ఆగిపోయాను.

ఈమధ్య టైడాకి కొత్తగా వచ్చిన రైలు కూస్తుంది చూడండి, ఆ కొండల వెనక మా అత్తవారి ఊరు. నేను కోడలిగా వెళ్ళింది పంతొమ్మిదివందల ఇరవైల నాటి మాట. అప్పటికి రైలూ లేదు, నాకు అక్షరం ముక్కా లేదు. మామ అప్పటికే చనిపోయాడు, ఇల్లంతా అత్తదే. ఆవిడ చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చేది, మా వైపు ఆడవాళ్ళ అలవాటు అది. ఆ చుట్ట తియ్యకుండానే మాట్లాడేది. కొత్తలో ఎప్పుడూ నన్ను తిడుతోందేమో అనుకునేదాన్ని. మాట అర్థమయ్యాక తెలిసింది, సగం సార్లు నిజంగానే తిడుతోందని. రెండు పనుల్లో ఆవిడ ఎవరినీ వేలు పెట్టనిచ్చేది కాదు. ఒకటి, కోసిన చోడి, అంటే రాగి, కంకుల్లో వచ్చే ఏటి విత్తనానికి పనికొచ్చేవి ఏరడం. ఆ ఊళ్ళో విత్తనం ఏరే ఆడదే ఇంటికి పెద్ద. రెండోది, నల్లది. అది మా కుక్క. కొండవాలున పోడు చేలో అది మొరగకపోతే అడవిపందులు ఒక్కపూటలో పంటంతా తినేసేవి. ఆ ఏడంతా మేము తినే తిండి దాని గొంతులో ఉండేది.

వానలు వెనకబట్టగానే నల్లదానికి రక్తం పీల్చే పిడుదులు పట్టేవి. పక్కింటావిడ తన కుక్క మీది పిడుదుకి చుట్ట అంటించేది. పొట్ట టప్పుమని పేలి తల చర్మంలోనే ఉండిపోయి, అక్కడ పుండు పడేది. మా అత్త దానికి మండిపడేది. "నిప్పు నా నోటికి, పిడుదుకి కాదు" అనేది. ఆవిడైతే నల్లదాని వెంట్రుకలు పాయ తీసి, నోటితో ఊది, ముందు కాళ్ళు చూసేది. కాళ్ళుంటేనే పిడుదు, లేకపోతే పులిపిరి. పొట్టను పట్టుకునేది కాదు. మూతి చర్మంలో దిగిన చోటే పట్కారు కొసలు ఆనించి, మెలితిప్పకుండా, వేరు తెగకుండా మొక్క పీకినట్టు మెల్లగా, తిన్నగా లాగేది. గోటితో నలపనిచ్చేది కాదు, తిన్నగా నిప్పుల్లో వేసేది. ఆ తర్వాత లాగిన చోట పసుపునీళ్ళు. నల్లది కళ్ళు మూసుకుని పడుకునేది.

ఒక ఏడు అత్త చెరిగిన చోళ్ళ గంజిలో రాళ్ళు తగలడం మొదలైంది. రాళ్ళు పక్కకు తీసుకుని తాగేవాళ్ళం. అత్తను అడిగే ధైర్యం ఎవరికుంది?

ఒక పూట అత్త వాకిట్లో నల్లదాన్ని వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట తడుముతోంది. దాని పిల్లలు పాలు మానేసి ఎన్నాళ్ళో కాలేదు. పట్కారు ఆనిన చోటు చూసి అటు పరిగెత్తాను. "అత్తా, అది పిడుదు కాదు" అన్నాను.

"నాకు నేర్పుతన్నావేటే గుంటా?" అంటూ లాగేసింది.

నల్లది అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఒక్క ఊపున లేచి అత్త చేతిని కరిచేసింది. రక్తం చూసి ఊరు పోగయింది. అన్నం పెట్టిన చేతిని కరిచిన కుక్కకి పిచ్చెక్కినట్టే అని మా ఊరి లెక్క. మామగారి తమ్ముడు దాని మెడకు తాడు వేసి గొడ్డలి తెమ్మన్నాడు.

"ఇయాల నిన్ను కరిసింది వదినా, రేపు గుంటల్ని కరుత్తాది. ఇంకేటి సూసేది?"

కొత్త కోడలు మగవాళ్ళ ముందు నోరు తెరవకూడదు. తెరిచాను. "పిచ్చి లేదు చినమామా. అత్త లాగింది పిడుదు కాదు, చనుమొన."

"ఏటీ? మీ అత్తకి పిడుదుకీ సన్నుకీ తేడా తెలదంతావా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వులోనే ఎవరో గొడ్డలి అందించారు. నల్లది తాడు కొసన వణుకుతూ అత్త వైపే చూస్తోంది. అత్త నోట్లో చుట్ట అలాగే ఉంది. నేనింక మాట్లాడి లాభం లేదు, మాట్లాడాల్సింది ఆవిడ.

చుట్ట తీసింది. నిప్పును నేలకు రాసి ఆర్పింది. "నవ్వకండి. గుంట నిజిం సెప్పింది. నాకు అవుపడ్డం నేదు. పోయిన కోతలకాడ్నించీ నేదు. కుక్కకేటీ నేదు, ఇడిసిపెట్టు."

చినమామ గొడ్డలి దించాడు గాని తాడు వదల్లేదు. చాలా రోజులు దాన్ని ఊరవతల కట్టేసి, పిచ్చికుక్క నీళ్ళు ముట్టదు గనక, తాగుతోందా లేదా అని కాపు కాశారు. తాగింది. అత్త చెయ్యి కూడా మానింది. మానింది గాని, కరిచిన నాటి సాయంత్రమే ఎవరూ అడక్కుండా విత్తనాల బుట్టను కాలితో నా వైపు తోసింది. "నువ్వేరు" అంది. అంతే. ఆ ఏడు నేనేరిన కంకులను ఒక్కొక్కటే వేళ్ళతో తడిమి చూసింది. ఒకటి పక్కన పెట్టబోయి, మళ్ళీ బుట్టలోనే వేసింది. ఆవిడ తిట్లు తగ్గిపోయాయి. తిట్లు లేని ఆ ఇంట్లో నాకు భయం వేసేది. నల్లది మాత్రం ఆవిడ కాళ్ళకే ఆనుకుని పడుకునేది. ఆవిడ వేళ్ళతో దాని ఒళ్ళంతా తడిమి, ఒకచోట ఆగి, "ఒలే, ఇక్కడ సూడు" అనేది. వెతకడం ఆవిడది, లాగడం నాది.

మొన్న కుక్కపిల్ల చెవి మడతలో నల్లగా ఏదో ఉంది. అక్షరాలు నేర్చుకునేనాటికే నాకు జుట్టు నెరిసిపోయింది. అవి వచ్చాయో లేదో, చూపు మందగించడం మొదలైంది. కాళ్ళున్నాయో లేవో ఎంత చూసినా తెలియలేదు. పట్కారు మనవరాలి చేతిలో పెట్టి, "నాకు కనపడటం లేదే, నువ్వు చూడు" అన్నాను. అది వంగి చూసి, "పులిపిరి అవ్వా" అంది, నవ్వలేదు. కనపడటం లేదన్న ఆ ఒక్క మాట అనడానికి మా అత్తకి గొడ్డలి ఎదురు రావాల్సివచ్చింది. నాకు గొడ్డలేమీ రాలేదు. కాలం కుక్కపిల్లలా వచ్చి ఒళ్ళో కూర్చుంది, అంతే.