పొద్దుతిరుగుడు మీద పురుగు

కార్ఖానా బస్తీలో జకర్యా ఇల్లెక్కడని అడిగితే, పురుగులు పెంచే ఆయనేనా అని ఎదురు అడిగి మరీ దారి చూపిస్తారు. యాప్రాల్ అవతల ఒక పరిశోధన క్షేత్రంలో తొమ్మిదేళ్ళుగా అతని ఉద్యోగం అదే. వయ్యారిభామ అనే కలుపు మొక్క మన దేశానిది కాదు. ఖాళీ జాగా కనబడితే చాలు నడుమెత్తు పెరిగి, ముట్టుకున్నవాళ్ళ ఒంటి మీద దద్దుర్లు లేపుతుంది. దాన్ని తినడానికి దాని సొంతగడ్డ నుంచే తెప్పించిన పురుగు ఒకటుంది. పెసరగింజ కన్నా కొంచెం పెద్దది, తెల్లని వీపు మీద ముదురు గీతలు. దోమతెర పంజరాల్లో వాటికి రోజూ లేత కొమ్మలు వేయడం, గుడ్లు లెక్కపెట్టడం, పెరిగినవాటిని పైవాళ్ళు చెప్పిన చోట వదిలి రిజిస్టరులో రాయడం జకర్యా పని.

మామూలుగా నోరు విప్పని మనిషి, పురుగు మాట వస్తే మాత్రం ఆగడు. "బయట చాయ్ సుత ముట్టనోళ్ళు ఉంటరు చూడు, ఇది గట్లనే. వయ్యారిభామ తప్ప ఇంకోటి తినదు," అనేవాడు. ఊళ్ళలో జరిగే సమావేశాల్లో శాస్త్రవేత్త వసుధ మేడం పక్కన పురుగుల సీసా పట్టుకుని నిలబడి, పొద్దుతిరుగుడు వేసిన రైతులకు కూడా ఇదే మాట చెప్పి ధైర్యమిచ్చాడు.

ఆ ధైర్యంతోనే ఆగస్టులో చేయకూడని పని ఒకటి చేశాడు. వాళ్ళ చర్చి ఆవరణలో తూర్పు గోడ పొడవునా వయ్యారిభామ పెరిగింది. అక్కడి పూలమొక్కలు చూసుకునే అతని భార్య బ్యూలా మోచేతుల దాకా గోక్కుంటుంటే చూడలేక, రెండు వందల పురుగుల్ని సీసాలో తెచ్చి ఆ కలుపు మీద వదిలాడు. ఎవరి అనుమతీ అడగలేదు. రిజిస్టరులో రాయలేదు. నెల తిరిగేసరికి ఆకులన్నీ జల్లెడలయ్యాయి. పాస్టరుగారు ఆదివారం ప్రకటనల్లో అతని పేరు చెప్పి మరీ మెచ్చుకున్నారు.

అక్టోబరులో చర్చిలో కోత పండుగ. ఎవరు పండించింది వాళ్ళు తెచ్చి వేదిక ముందు పెట్టడం ఆ సంఘం ఆచారం. పొలాలు లేని జనం కాబట్టి చాలామంది ఆ పొద్దున మోండా మార్కెట్‌లో గుమ్మడికాయో చెరకుగడో కొని తెస్తారు. బడిలో సైన్స్ చెప్పే బ్యూలాకు అది మోసంలా అనిపించేది. ఈ ఏడు తన చేత్తో పండించిందే పెడతానని జూలైలో అదే గోడ దగ్గర నలభై పొద్దుతిరుగుడు మొక్కలు పెట్టింది.

పండుగ ఇంకా వారం ఉందనగా, ఆమె పొద్దున్నే చర్చి నుంచి ఫోన్ చేసింది. పురుగు పొద్దుతిరుగుడు ఆకు మీద ఉందట. ఎండకు కూర్చుని ఉంటుందిలే అన్నాడు జకర్యా. మర్నాడు ఆకులకు చిల్లులు పడ్డాయంది. మిడతల పని అన్నాడు. అయినా మనసు ఊరుకోక, వెళ్ళి మొక్క ముందు గంటసేపు గొంతుక్కూర్చున్నాడు. పురుగు ఆకు అంచు మీదికి వచ్చింది. కొరికింది. జకర్యా కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మళ్ళీ కొరికింది.

తను పంజరంలో పెంచిన పురుగేనా ఇది? తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఇలా చూడలేదే? ఏమీ తోచక, చేతికి తోచిన పని చేశాడు. మొక్కల పక్కన మిగిలిన వయ్యారిభామనంతా, పూతతో, వేళ్ళతో సహా పీకి గోడ అవతల పారేశాడు. కలుపు లేకపోతే పురుగు వెళ్ళిపోతుందనుకున్నాడు. మర్నాటికి ఒక్కో మొక్క మీద పది పన్నెండు చేరాయి.

బ్యూలా మందు కొట్టే డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఏందయ్యా, బయట చాయ్ సుత ముట్టదంటివి. నా దగ్గర బిర్యానీ తింటున్నది."

"ఒక్కరోజు ఆగు బ్యూలా."

"ఆగితే ఏమైతది?"

ఏమవుతుందో అతనికీ తెలియదు. మందు కొడితే పూలు దక్కుతాయి, సీసా సంగతి బయటికి రాదు, వచ్చే నెల ఉద్యోగం పొడిగింపుకు అడ్డూ ఉండదు. కానీ తన మాట విని పొద్దుతిరుగుడు పక్కనే పురుగుల్ని వదలనిచ్చిన రైతుల ముఖాలు కళ్ళ ముందు తిరిగాయి. తను చెప్పింది నిజమో కాదో తెలియకుండా మళ్ళీ వాళ్ళ ముందు సీసా ఎలా ఎత్తడం?

వసుధ దగ్గరికి వెళ్ళి చెప్పాడు. ముందు బిర్యానీ మాట, తరువాత పండుగ, చివరికి సీసా. ఆమె కేకలేయలేదు. అప్పటికప్పుడు బయల్దేరి వచ్చి, భూతద్దం పెట్టి ఆకులు చూసి, పసుపు కలిసిన తెల్లటి దుమ్ము వేలికి అద్దుకుంది.

"కలుపు పీకింది ఎవరు?"

"నేనే మేడం."

"పూతలో ఉందా?"

"నిండుగ ఉండె."

వయ్యారిభామ పుప్పొడి రాలిన ఆకుల్ని ఈ పురుగు కొరికినట్టు ఇదివరకు కొందరు గమనించారని వసుధ వివరించింది. పీకినప్పుడు ఆ పుప్పొడంతా దులిపి పొద్దుతిరుగుడు ఆకుల మీద పోసినట్టయింది, పైగా పురుగులకు అసలు తిండీ లేకుండా పోయింది.

"అయితే తప్పు నాదేనా మేడం? పురుగుది కాదా?"

"మీరు పీకకముందు కూడా కొరికిందన్నారు కదా జకర్యా గారూ. అది గాలికి పడ్డ పుప్పొడి వల్లో, వేరే కారణమో ఇప్పుడే చెప్పలేను. పది రోజులు లెక్క చూడాలి. పూలు కోయొద్దు, మందు కొట్టొద్దు." సీసా సంగతి తను పైవాళ్ళకు రాయక తప్పదంది. జవాబు వచ్చేదాకా అతను పంజరాల గది తాళం ఇచ్చేయాలి.

"తీసేస్తరా నన్ను?"

"తెలియదండీ."

బ్యూలా అంతా విని, డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. ఆదివారం పొద్దున మోండా మార్కెట్‌కు వెళ్ళి, జన్మలో మొదటిసారి ఒక గుమ్మడికాయ కొని వేదిక ముందు పెట్టింది.

లోపల కానుకల పాట నడుస్తుంటే జకర్యా గోడ దగ్గర లెక్క రాసే పుస్తకం పట్టుకుని ఉన్నాడు. మూడో మొక్క మీద పురుగులు తొమ్మిది నుంచి రెండుకు తగ్గాయి. హమ్మయ్య అనుకునేలోపే ఏడో మొక్క మీద పద్నాలుగు కనబడ్డాయి. రెండూ రాసుకున్నాడు.

ఆరాధన అయ్యాక బ్యూలా వచ్చి పక్కన నిలబడింది.

"ఏమన్న తేలిందా?"

"తేలలే. నిన్నటి దాంక కొంచెం తెలిసినట్టుండె, ఇయ్యాల అది సుత పోయింది."

ఆమె పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, పదో మొక్క ఆకు జాగ్రత్తగా తిప్పింది.

"ఇటు ఆరున్నయి. రాసుకో."